నవోదయ డైరీ: కుట్టుమిషను పక్కన అయిదు నెలలు

జూన్ 29, 2025

ఈ రోజు నుంచి రాసుకుందామని కూర్చున్నాను. మా పాప అమ్మలు అయిదో తరగతిలోకి వచ్చింది, డిసెంబరు 13న నవోదయ (ఆరో తరగతి నుంచి మొదలయ్యే కేంద్ర ప్రభుత్వ బడి) ప్రవేశ పరీక్ష రాయాలి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మా ఆయనకి ఏస్ బండి ఉంది, కిరాయిలకి తిరుగుతారు. ఇద్దరిలో ఎవరమూ పాఠాలు చెప్పేవాళ్ళం కాదు, నాకైతే ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో పెళ్ళయిపోయింది. ఏ రోజు ఏం చేశామో, ఎక్కడ బోల్తా పడ్డామో రాసిపెడతాను, వచ్చే ఏడు ఇంకెవరి పిల్లకైనా పనికొస్తే వస్తుంది.

నిన్న నెట్ సెంటరుకి వెళ్ళి దరఖాస్తు పెట్టాం. దరఖాస్తుకి ఫీజేమీ లేదు, నెట్ సెంటరతనికి ఇచ్చిన వందే ఖర్చు. హెడ్మాస్టరుగారు సంతకం పెట్టిన సర్టిఫికెట్, ఫొటో, మా సంతకం, పాప సంతకం కావాలి. పాప సంతకం అనేసరికి అమ్మలు గర్వంగా పాత కరెంటు బిల్లు వెనకాల పన్నెండుసార్లు ప్రాక్టీసు చేసింది, పన్నెండూ పన్నెండు రకాలుగా వచ్చాయి.

అక్కడే ఒక చిక్కొచ్చింది. పరీక్ష ఏ భాషలో అని అడుగుతుంది. బడిలో ఇంగ్లీషు మీడియం, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. నెట్ సెంటరతను ఇంగ్లీషు పెట్టెయ్యమన్నాడు. నేను అమ్మలు వంక చూశాను. ఈ పిల్ల వాళ్ళ తాతయ్య పేపరు లాక్కుని చదివేది తెలుగే, ఇంగ్లీషయితే అక్షరాలు కూడబలుక్కుంటుంది. తెలుగే పెట్టాం. ఇంటికొచ్చాక ఇద్దరు ముగ్గురు తప్పు చేశావన్నారు, నాకూ రాత్రంతా నిద్ర పట్టలేదు, కానీ వంద మార్కుల్లో పాతిక మార్కులు పేరాలు చదివి జవాబు చెప్పడానికే ఉన్నప్పుడు తనకి వచ్చిన భాష వదిలేసి రాని భాషలో రాయించడం ఏం తెలివి?

వివరాలు ఒకసారి రాసుకుంటాను, నాకే మర్చిపోకుండా ఉంటుంది. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. మేధాశక్తివి 40 ప్రశ్నలు, 50 మార్కులు, అన్నీ బొమ్మలే. లెక్కలు 20, భాష 20, చెరో 25 మార్కులు. ఒక్కో ప్రశ్నకి ఒకటింబావు మార్కు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. మూడింటిలోనూ విడివిడిగా అర్హత మార్కులు రావాలి, ఒకదాంట్లో బాగా తెచ్చుకుని ఇంకోదాన్ని గాలికొదిలేస్తే కుదరదు. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. రాసేవాళ్ళు మాత్రం వేలల్లో ఉంటారు. పైగా ఆరో తరగతికి ఒకసారి రాసినవాళ్ళు మళ్ళీ రాయకూడదు. టెన్షనంతా ఈ చివరి ముక్కతోనే.

జూలై 6, ఆదివారం

ఏమీ చెప్పకుండానే ఒక పాత పేపరు పెట్టాను. గైడు పుస్తకంలోది జిరాక్స్ తీయించి, సెల్‌ఫోన్లో రెండు గంటలు అలారం పెట్టి, వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టాను. మేధాశక్తి 17, లెక్కలు 9, భాష 11. మొత్తం 37, అంటే 46.25 మార్కులు. మా ఆయన పర్వాలేదే అన్నారు. నేను అనలేదు.

తనేమో గంటన్నరకే లేచి "అయిపోయిందమ్మా" అంది. చూస్తే తొమ్మిది ఖాళీలు. ఎందుకు వదిలేశావంటే "రాదు కదమ్మా, రానిది రాస్తే దొంగతనం కదా" అంది. వాళ్ళ టీచరు చూసి రాయొద్దని చెప్పింది ఈ పిల్ల బుర్రలో ఇలా నాటుకుంది! తోచింది గుర్తుపెట్టడం వేరు, పక్కవాడిది చూడటం వేరని ఆ పూటంతా చెప్పినా సరేనంది గానీ నమ్మినట్టు లేదు.

జూలై 13 నుంచి 28 వరకు

ఈ పదహారు రోజులు నా డైరీలో ఉండకూడదనే అనుకున్నాను, కానీ నిజం రాయాలి. పక్కింటి వదిన వాళ్ళ అబ్బాయిని వేసిన కోచింగులోనే మా అమ్మల్నీ వేశాం, ఆరు వేలు కట్టాం. హాస్టలూ అక్కడే. తెల్లారి అయిదింటికి లేపి బిట్లు చేయిస్తారు, రాత్రి తొమ్మిది దాకా బిట్లే. రెండో ఆదివారం చూడ్డానికి వెళ్తే నోటుబుక్కు నిండా జవాబులున్నాయి, 1-సి, 2-ఎ, 3-డి అని. ప్రశ్నలు లేవు. "ఇది ఎందుకు సి అయింది?" అని ఒకటి చూపించి అడిగితే "సారు సి అన్నారు" అంది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఆ మర్నాడు మా ఆయన బండి వేసుకెళ్ళి తీసుకొచ్చేశారు, డబ్బులు తిరిగి రాలేదు. ఆ అబ్బాయి అక్కడే ఉన్నాడు, వాడికి బాగానే సాగుతోందట, అందరికీ పడదని నేను అననుగానీ మా పిల్లకి పడలేదు.

ఆగస్టు 3

శ్రావణ మాసం. వరలక్ష్మీ వ్రతానికి అయిదు రోజులే ఉంది, ముప్పై ఏడు బ్లౌజులు పెండింగు. పాపకి విడిగా కూర్చుని చెప్పే టైము ఎక్కడిది? అందుకే నా కటింగు బల్ల పక్కన చిన్న స్టూలు వేశాను. నేను కత్తిరిస్తుంటాను, అది బొమ్మలు చేస్తుంటుంది.

ఈ బొమ్మల్లో కాగితం మడతపెట్టి చిల్లు పొడిచేవి ఉంటాయి. చదరపు కాగితాన్ని ఒకసారో రెండుసార్లో మడిచి, ఒకచోట చిల్లు పెట్టి, విప్పితే ఎలా ఉంటుందో నాలుగు బొమ్మల్లోంచి గుర్తుపట్టాలి. అమ్మలు ఇవి నాలుగుకి నాలుగూ తప్పు చేసేది. గైడులో ఉన్న వివరణ చదివితే నాకూ అర్థం కాలేదు.

ఆ సమయానికి నేను ఒక వెనక మెడ కత్తిరిస్తున్నాను. గుడ్డని సగానికి మడిచి, మడత అంచున సుద్దతో సగం మెడ గీసి కత్తెర వేస్తే, విప్పగానే నిండు మెడ. రోజూ పాతికసార్లు చేసే పని. ఒక్కసారిగా చెయ్యి ఆగిపోయింది. "అమ్మలూ, ఇలా రా" అని పిలిచి, ఒక లైనింగు పీలిక తీసి రెండు మడతలు పెట్టి, మధ్యలో కత్తెర మొనతో చిన్న చిల్లు కోశాను. విప్పకముందే ఎన్ని చిల్లులుంటాయో చెప్పమన్నాను. ఒకటంది. విప్పింది. నాలుగు. ఇంకో పీలిక మడిచి ఈసారి రెండో మడత అంచు మీద కోశాను, విప్పితే రెండే. మూడోసారి రెండు మడతలూ కలిసే మూల తెగ్గోశాను, విప్పితే నట్టనడుమ ఒక్కటే. "అంటే మడత మీద పడితే సగమూ సగమూ కలిసిపోతాయా అమ్మా?" అని అడిగింది. నేను చెప్పలేదు, అదే అంది! ఆ సాయంత్రం లైనింగు పీలికలన్నీ జల్లెడలైపోయాయి, నాలుగు పేటల మడతలో నేను దాచుకున్న మంచి ముక్క కూడా పోయింది, తిట్టలేదు.

తర్వాత రోజు నుంచి రూలు ఒకటే. ముందు జవాబు చెప్పాలి, తర్వాత కొయ్యాలి. కోసి చూసి చెప్తే అది కత్తెర తెలివి.

ఆగస్టు 10

వ్రతం అయింది, ఊపిరి పీల్చుకున్నాం. అద్దం బొమ్మలు మొదలుపెట్టాం. కొలతల గదిలో నిలువుటద్దం ఉంది, దాని ముందు టేపు పట్టుకుని నిలబడితే అంకెలు తిరగబడతాయి. ప్రశ్నలో అద్దం ఎక్కడ పెట్టారో ముందు చూడాలి, పక్కన ఉంటే కుడి ఎడమలు మారతాయి, కింద ఉంటే తల కిందులవుతుంది. అమ్మలు అద్దం గీత చూడకుండానే ఎప్పుడూ కుడి ఎడమలు మార్చేస్తోంది. చిన్న చేతి అద్దం ఇచ్చాను, బొమ్మ పక్కన ఒకసారి, కింద ఒకసారి నిలబెట్టమన్నాను. రెండ్రోజుల్లో వచ్చేసింది, దీని మీద ఇంక రాయడానికేం లేదు.

మేధాశక్తిలో పది రకాలున్నాయి, రకానికి నాలుగు. భిన్నమైనది పట్టుకోవడం, అలాంటిదే ఇంకోటి వెతకడం, బొమ్మలో ఖాళీ నింపడం, వరసలో తర్వాతది, పోలిక, ముక్కలు కలిపి చతురస్రమో త్రిభుజమో వృత్తమో చెయ్యడం, అద్దం, మడత-చిల్లు, ముక్కలన్నీ కలిపితే ఏమవుతుంది, పెద్ద బొమ్మలో దాక్కున్న చిన్న బొమ్మ. వారానికి రెండు రకాలు చొప్పున పెట్టుకున్నాం. దాక్కున్న బొమ్మంటే అమ్మలుకి ఇష్టం, వదలదు, ఒక్కదాని మీద అయిదు నిమిషాలు కూర్చుంటుంది, అదొక సమస్య.

ఆగస్టు 17

రెండో పేపరు. 24, 10, 12. మొత్తం 46, మార్కులు 57.5. బొమ్మలు పెరిగాయి, మిగతా రెండూ కదల్లేదు.

ఈసారి మార్కులు రాసి ఊరుకోకుండా తప్పుపోయిన ముప్పై నాలుగునీ పాపని పక్కన పెట్టుకుని ఒక్కోటీ అడిగాను. పాత కొలతల పుస్తకం ఒకటి సగం ఖాళీగా ఉంటే దానికి "తప్పుల పుస్తకం" అని పేరు పెట్టి, ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం రాశాం. రానిదానికి "రా", తొందరపడ్డదానికి "తొ", ప్రశ్న సరిగ్గా చదవనిదానికి "చ", ఖాళీ వదిలినదానికి "ఖా". లెక్క పెడితే రా 8, తొ 11, చ 6, ఖా 9.

నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై నాలుగులో నిజంగా రానివి ఎనిమిదే! నెలన్నర నుంచి పిల్ల లెక్కల్లో వెనకబడిందని నేను ఏడుస్తున్నాను, కోచింగువాళ్ళు కూడా "లెక్కలు వీకు" అని చెప్పే పంపారు. బిట్లు ఇంకో రెండు వేలు చేయించినా ఆ తొందర పోయేది కాదు, ఇంకా పెరిగేది.

ఆ రోజు నుంచి మార్కుల కాగితం గోడకి అంటించడం మానేశాను. నాలుగు అక్షరాల లెక్కే అంటించాను.

ఆగస్టు 24 – సెప్టెంబరు 7

లెక్కలు. తెలుగు మీడియం పెట్టినందుకు దెబ్బ ఇక్కడ తగిలింది. బడిలో ఎల్‌సీఎం అంటారు, పేపర్లో క.సా.గు. ఉంటుంది. హెచ్‌సీఎఫ్ వచ్చు, గ.సా.భా. అంటే బిక్కమొహం. లవం, హారం, చుట్టుకొలత, వైశాల్యం, ఘనపరిమాణం, ఒక్కో మాటా పాత అట్టముక్కల మీద ఒకవైపు తెలుగు, ఇంకోవైపు బడిలో అనే మాట రాసి మిషను సొరుగులో వేశాను. బాబిన్ కావాలంటే సొరుగు తీసి ఒక అట్ట చదివి అర్థం చెప్పాకే ఇవ్వాలి. పాపం, ఆ రెండు వారాలు నా దారాలు తెగినప్పుడల్లా దానికి పరీక్షే.

చుట్టుకొలతా వైశాల్యమూ కలిపేసేది. టవలు చుట్టూ లేసు వెయ్యాలంటే ఎంత లేసు కావాలి, టవలుకి ఎంత గుడ్డ కావాలి, అని అడిగితే అయిపోయింది. ఇప్పుడు లెక్కలో కంచె, దారి చుట్టూ, అంచు అని వస్తే "లేసు" అని పక్కన రాసుకుంటోంది, పలకలు, గడ్డి, రంగు అని వస్తే "గుడ్డ" అని. పరీక్షలో రాసుకున్నా ఎవరూ నవ్వరు.

భిన్నాల భాగహారం మాత్రం వారం తినేసింది. పన్నెండు మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు చొప్పున ఎన్ని ముక్కలొస్తాయంటే గుణించేసి తొమ్మిదంది. సూత్రం మళ్ళీ చెప్పబోయి ఆగాను. "ఒక్కో ముక్క మీటరైతే ఎన్నొస్తాయి?" "పన్నెండు." "మరి ముక్క మీటరు కంటే చిన్నదైతే?" కాసేపు ఊరుకుని "ఎక్కువ రావాలి కదా, తొమ్మిదెలా వచ్చింది?" అని తన జవాబుని తనే తిట్టుకుంది. పదహారు చేసింది. ఇప్పుడు ప్రతి లెక్కకీ ముందు "పెద్దదొస్తుందా చిన్నదొస్తుందా" అని గొణుక్కుంటోంది, దీనివల్ల ఒక్కోసారి లెక్క చెయ్యకుండానే నాలుగు జవాబుల్లో రెండు కొట్టేయచ్చు.

గంటల లెక్క కూడా అంతే. ఒక గంట 12 నిమిషాలకోసారి, ఇంకోటి 18 నిమిషాలకోసారి మోగుతాయి, ఎనిమిదింటికి కలిసి మోగితే మళ్ళీ ఎప్పుడు? గ.సా.భా. తీసి 8.06 అని గుర్తుపెట్టింది. "ఎనిమిదీ ఆరుకి మొదటి గంటైనా మోగుతుందా?" అని అడిగాను. నాలిక కరుచుకుని 8.36 అంది.

సెప్టెంబరు 14

ఘోరం. మూడో పేపరు ఓఎమ్మార్ షీటు (జవాబు గడులు పెన్నుతో దిద్దే కాగితం) మీద పెట్టాను, మార్కులు పడిపోయాయి. తీరా చూస్తే 23వ ప్రశ్న తెలియక దాటేసింది, 24 జవాబు తీసుకెళ్ళి 23 గడిలో దిద్దింది, అక్కడి నుంచి 36 దాకా అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. బ్లౌజు మొదటి హుక్కు రెండో కాజాలో పెడితే కింద దాకా ఎలా వంకరపోతుందో అలాగ. అదీ బాల్‌పెన్నుతో, చెరపడానికి లేదు. పిల్ల ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది, మా అత్తగారు ఇద్దరికీ మజ్జిగ కలిపి ఇచ్చారు.

తప్పు నాది. అప్పటిదాకా పెన్సిలుతో టిక్కులు పెట్టించాను. పరీక్షలో నీలం లేదా నల్ల బాల్‌పెన్నే, వైట్‌నర్ కుదరదు, దిద్దాక మార్చుకోవడం కుదరదు. ఇంట్లో నుంచి పెన్సిళ్ళు తీసి దాచేశాను. జిరాక్స్ కొట్లో ఓఎమ్మార్ నమూనాలు యాభై తీయించాం. రోజూ పది ప్రశ్నలైనా ఆ గడుల్లోనే. దిద్దేముందు ప్రశ్న నంబరు పైకి అనాలి, గడి నంబరు పైకి అనాలి, రెండూ ఒకటైతేనే పెన్ను దించాలి. మొదట్లో గట్టిగా, తర్వాత గుసగుసగా, ఇప్పుడు పెదాలే కదులుతున్నాయి. ఒక్కో గడికీ నాలుగైదు సెకన్లు పడుతోంది, మొదట్లో అరనిమిషం రుద్దేది.

ఖాళీల జబ్బు కూడా ఇక్కడే కుదిరింది. తెలియనిది వస్తే ప్రశ్నపత్రంలో దాని పక్కన చుక్క పెట్టి ముందుకెళ్ళాలి, చివరి పది నిమిషాల్లో చుక్కల దగ్గరికి తిరిగి రావాలి, అప్పటికీ రాకపోతే కొట్టేయగా మిగిలినవాటిలో ఒకటి దిద్దాలి. ఇది దొంగతనమా అని మళ్ళీ అడిగింది. వాళ్ళ తాతయ్య "పేకాటలో కూడా ముక్క చూసే వేస్తాం, ఊరికే వెయ్యం" అన్నారు. ఆ పోలిక నాకు నచ్చలేదు, దానికి మాత్రం వెంటనే ఎక్కింది.

అక్టోబరు 5

దసరా సెలవుల్లో మూడు రోజులు పుస్తకం ముట్టుకోనివ్వలేదు. అమ్మమ్మగారింటికి పంపేశాను. వచ్చాక నాలుగో పేపరు. 31, 12, 13. మొత్తం 56, మార్కులు 70. ఖా సున్నా! పుస్తకంలో ఆ సున్నా చుట్టూ అమ్మలు పువ్వు గీసింది.

తెలుగు మాత్రం కదలట్లేదు. తెలుగు పెట్టిందే అందులో మార్కులొస్తాయని కదా. నాలుగు పేరాలు, పేరాకి అయిదు ప్రశ్నలు, జవాబులు కళ్ళ ముందే ఉంటాయి. మరి ఎందుకు పోతున్నాయి?

అక్టోబరు 12

కారణం దొరికింది. నేనే ఒక పేరా రాశాను, కాలవ గట్టు మీద గాలిపటం ఎగరేసే అబ్బాయి గురించి, దారం అయిపోయిందని సాయంత్రం ఇంటికొచ్చేస్తాడు. ఎందుకు వచ్చాడు అంటే "చీకటి పడిందని" గుర్తుపెట్టింది. చీకటి ఎక్కడుంది చూపించమంటే పేరా అంతా వెతికి "సాయంత్రం అన్నారుగా, చీకటి పడితే ఎవరైనా వచ్చేస్తారుగా" అంది. తనకి తెలిసిన లోకంలోంచి జవాబిస్తోంది, పేరాలోంచి కాదు. తెలివైన పిల్లలు చేసే తప్పే ఇది, కథ ముందుగానే ఊహించేసి కళ్ళు పరిగెత్తిస్తారు.

ఇప్పుడు జవాబు చెప్పడం నిషేధం. వేలు పెట్టి వాక్యం చూపించాలి, అంతే. తాతయ్య రోజూ పేపర్లో ఒక చిన్న వార్త కత్తిరించి అయిదు ప్రశ్నలు అడుగుతారు, అందులో ఒకటి పేరాలో జవాబు లేని ప్రశ్న కావాలనే అడుగుతారు. "లేదు తాతయ్యా" అంటే ఆయన మురిసిపోతారు. అర్థాలు, వ్యతిరేక పదాలు కూడా పేరాలో ఆ మాట ఎలా వాడారో చూశాకే చెప్పాలి.

అక్టోబరు 29

మొంథా తుపాను రాత్రి తీరం దాటింది. మాది కాకినాడ జిల్లానే, బడులకి సెలవులిచ్చారు. గాలికి మా రేకులు రెండు లేచాయి, కరెంటు లేదు, మిషను లేదు, ఫోన్లో ఛార్జింగు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని అందరం ఒకే గదిలో కూర్చున్నాం. అమ్మలు లైనింగు పీలికలు తీసి వాళ్ళ నాన్న చేత మడత-చిల్లు ప్రశ్నలు చేయించింది. ఆయన మూడింట్లో రెండు తప్పు చెప్పారు. "తొ" అని రాసింది ఆయన పేరు పక్కన.

నవంబరు 16

35, 15, 17. మొత్తం 67, అంటే 83.75. రెండు గంటలు ఎలా పంచుకోవాలో కూడా తేలిపోయింది: బొమ్మలకి గంట, లెక్కలకి అరగంట, తెలుగుకి అరగంట అని అందరూ చెప్తారు, మా అమ్మలుకి బొమ్మలు నలభై అయిదు నిమిషాల్లో అయిపోతున్నాయి, ఆ మిగిలిన పావుగంట లెక్కలకి ఇచ్చాం. దాక్కున్న బొమ్మల దగ్గర మాత్రం రెండు నిమిషాలు దాటితే చుక్క పెట్టి కదలాలని ఒట్టు వేయించుకున్నాను.

నవంబరు 30

32, 13, 16. ఆరు పడిపోయాయి. పుస్తకం తీసి అడిగితే ఒక్కదానికీ అక్షరం చెప్పదు, ఊరికే ఉంది. నేను అరిచాను. పదమూడు రోజుల్లో పరీక్ష పెట్టుకుని ఈ మొండితనమేంటని, ఇంకా ఏవో అన్నాను, అవి రాయను.

రాత్రి పడుకున్నాక చీకట్లో అడిగింది. "అమ్మా, పాసైతే నేను అక్కడే పడుకోవాలంటగా. ఎన్నాళ్ళు?"

ఎవరో బడిలో చెప్పారట. నేను అయిదు నెలలుగా సీట్లు, మార్కులు, గడులు అన్నీ చెప్పాను, ఆరు నుంచి పన్నెండు దాకా హాస్టల్లో ఉండాలనే ముక్క ఒక్కటీ దానికి నేరుగా చెప్పలేదు. చెప్పాననే అనుకున్నాను. పెద్దవాళ్ళం మాట్లాడుకున్నదంతా పిల్లకి చెప్పినట్టే అనుకున్నాం. తప్పుల పుస్తకంలో ఆ పేజీ కింద "చ" అని నాకు నేనే రాసుకున్నాను.

డిసెంబరు 7

చదువు కాదు ఈ రోజు. మా ఆయన కిరాయి మానుకుని ముగ్గురం పెద్దాపురం వెళ్ళాం, నవోదయ గేటు బయట నుంచి చూసొచ్చాం. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి అక్కడే పదో తరగతి, సెలవుకి ఇంటికొచ్చింది, దారిలో వాళ్ళింట్లో ఆగాం. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలో ఉన్న నవోదయకి పంపుతారని, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారని, తను వెళ్ళొచ్చిందని ఆ అమ్మాయి చెప్తుంటే మా అమ్మలు నోరు తెరుచుకుని వింది. నాకు గుండె జారింది, అది వేరే సంగతి. "రాత్రి ఏడుపొస్తే?" అని అడిగింది మా అమ్మలు. "మొదటి నెల అందరం ఏడ్చాం, అందరం కలిసే ఏడ్చాం కాబట్టి బానే ఉంది" అంది ఆ పిల్ల. తిరిగొచ్చేటప్పుడు బండిలో వాళ్ళ నాన్న చెప్పారు, పాసైనా వెళ్ళాలా వద్దా అన్నది అప్పుడు నువ్వే చెప్దువుగాని అని. అమ్మలు ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక తనే పాత పేపరు తీసి ఒక పేరా చేసింది.

డిసెంబరు 12

కొత్త బిట్లు లేవు. హాల్‌టికెట్టు, రెండు నల్ల పెన్నులు, నీళ్ళ సీసా. పెన్నులు కొత్తవి కాదు, వారం నుంచి రాసి గీత సాఫీ అయినవి. తొమ్మిదికి పడుకోబెట్టాను. నేను పదకొండుకి లేచి హాల్‌టికెట్టు సంచిలోనే ఉందా అని చూశాను, ఒంటిగంటకి మళ్ళీ చూశాను.

డిసెంబరు 13, శనివారం

పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా పరీక్ష. పిల్లలు లోపలికెళ్ళాక బయట గోడ నీడన మేం తల్లులమంతా కూర్చున్నాం, ఎవరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పక్కింటి వదిన కూడా వచ్చింది, వాళ్ళ అబ్బాయి బాగా చిక్కిపోయాడు. ఒకావిడ చీర కొంగు మీద వేలితో గడులు దిద్దుతోంది, తనకే తెలియకుండా.

బయటికొచ్చేసరికి అమ్మలు బొటనవేలికి, పెదవికి సిరా. ఎలా రాశావని అడగకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఆకలేస్తోందా అని అడిగాను. తనే చెప్పింది. ఒక్కటీ ఖాళీ లేదట. చుక్కలు ఏడు పెట్టిందట, నాలుగింటికి తిరిగొచ్చి చేసిందట, మూడు ముక్క చూసి వేసిందట. "మడత మీద చిల్లు ఒకటొచ్చిందమ్మా, కత్తెర లేకుండానే చెప్పేశాను." లెక్కల్లో ఒకచోట లేసా గుడ్డా అని తేల్చుకోలేకపోయిందట, ఆ ప్రశ్న నాకు చెప్తే నేనూ తేల్చుకోలేకపోయాను.

డిసెంబరు 15

ఫలితాలు ఎప్పుడో వస్తాయి. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాయి, కొత్త కొలతల పుస్తకం కొనే బదులు తప్పుల పుస్తకంలోనే మిగిలిన పేజీలు వాడేస్తున్నాను. రా, తొ, చ, ఖా అని నాలుగు గీతలు గీసిన పేజీ తర్వాత మొదటి కొలత అమ్మలుదే, పండక్కి పట్టులంగా. ఛాతీ 26, జాకెట్టు పొడవు 13, లంగా 30. జూన్‌లో యూనిఫాం కుట్టినప్పుడు లంగా 28 చాలింది. ఈసారి రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమంటోంది, విప్పుకోవచ్చంట.